ధర్మామీటరు ధర్మం తప్పితే...

పరాయి మాటలు మన నోట పడి కొత్త సొగసు తెచ్చుకోవడం వింతేమీ కాదు. అలాంటి వాటిలో నాకు మహా ఇష్టమైన మాట ‘ధర్మామీటరు’. అసలు మాటలో ధర్మమూ లేదు, అధర్మమూ లేదు. గ్రీకు భాషలో వేడిని సూచించే మాట ఒకటి, కొలతను సూచించే మాట ఒకటి కలిసి పుట్టిన పేరది. మనవాళ్ళు అందులోని ‘థ’ను ‘ధ’ చేసి, జ్వరం చూసే గాజుగొట్టానికి ఏకంగా ధర్మదేవత పేరు పెట్టేశారు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఇలాంటి మార్పులు నాకు ముచ్చటగానే కనిపిస్తాయి. పైగా ఇందులో న్యాయం కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే గదా ఆ వస్తువు ధర్మం!

మరి అది ధర్మం తప్పితే?

పూర్వం ఇంటికొక ధర్మామీటరు ఉంటే గొప్ప. ఇప్పుడు మనకు తెలియకుండానే ఇంటినిండా అవే. ఫ్రిజ్జులో ఒకటి, ఏసీలో ఒకటి, కారులో ఒకటి, జేబులోని ఫోనులో ఒకటి. ఇక పిల్లల చదువు కోసం వాయిదాల మీద కొన్న కంప్యూటరు సంగతి చెప్పనక్కరలేదు. దానికి మెదడులాంటి ప్రాసెసరు గోరంత సిలికాన్ ముక్క. ఆ గోరంత ముక్కలోనే ఒకటి కాదు, చాలా ధర్మామీటర్లున్నాయి! ‘ఇప్పుడు 72’, ‘ఇప్పుడు 95’ అని అవి అంకెలు చెబుతూనే ఉంటాయి. చూపడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రాములూ ఉన్నాయి. ఆ అంకె ఎర్రగా మారగానే ఇంట్లో కంగారు పుడుతుంది. కంప్యూటరు రిపేరు షాపుకు పోతుంది. అక్కణ్ణించి బిల్లు వస్తుంది.

ఆ అంకెను నమ్మవచ్చునా? నమ్మకపోతే పరీక్షించే దారి ఏది? మదనపల్లె, పుంగనూరు, కుప్పం... మా మిట్టప్రాంతపు ఈ మూడు ఊళ్ళలో చూసిన సంగతులను కలుపుకుని నాకు అర్థమైన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మరిగే నీళ్ళు చెప్పే నిజం

మదనపల్లె అనగానే ఇప్పటివాళ్ళకు టమోటా మండీ గుర్తుకు వస్తుంది. వెనకటి తరంవారికి గుర్తుకు వచ్చేది శానిటోరియం. ఊరికి దగ్గరలోని ఆరోగ్యవరంలో, ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో, క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ అనే డేనిష్ వైద్యుడి ఆధ్వర్యాన వెలిసిన క్షయ చికిత్సాలయం అది. క్షయకు సరైన మందు లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి... ఇవే వైద్యం. క్షయరోగికి సాయంత్రం పూట సన్నగా జ్వరం తగులుతుంది. ఆ ఒక్క డిగ్రీకి ఎంత అర్థమో, ఇంట్లో ఆ జబ్బు చూసినవారికి తెలుసు. ఒకనాటి అంకె చూసి వైద్యులు తేల్చేవారు కాదు. రోజూ ఒకే వేళకు చూసి, కాగితం మీద చుక్కలు పెట్టి, గీత ఎటు పోతున్నదో చూసేవారు. ఆ పద్ధతిని గుర్తు పెట్టుకోండి. మన కంప్యూటరుకూ పనికి వస్తుంది.

అదే ఆరోగ్యవరం పేరు వాతావరణశాఖ బులెటిన్లలో కూడా కనిపిస్తుంది. అక్కడ వాతావరణ కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్రాల్లో ధర్మామీటర్లను ఎండలో వేలాడదీయరు. నాలుగు పక్కలా గాలి ఆడేటట్టు రేకులు అమర్చిన తెల్లని చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున పెడతారు. దాన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. దీన్ని కనిపెట్టిన థామస్ స్టీవెన్సన్, ‘ట్రెజర్ ఐలండ్’ నవల రాసిన స్టీవెన్సన్‌గారి తండ్రి. కొలవవలసింది గాలి వేడిని గాని ఎండ వేడిని కాదు గనుక ఇంత ఏర్పాటు. మధ్యాహ్నం బజారులో నిలిపిన కారు 43 చూపుతుంది. అదే రోజు వాతావరణ కేంద్రం 37 అంటుంది. రెండూ అబద్ధం ఆడలేదు. రెండూ వేరు వేరు వస్తువుల వేడి చెప్పాయి. కాబట్టి అంకె చూడగానే ముందు అడగవలసిన ప్రశ్న, ‘ఎంత?’ అని కాదు, ‘దేని వేడి?’ అని.

ఇంకొక చిత్రం చెబుతాను. నీళ్ళు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతాయని అందరం చిన్నప్పుడు వల్లె వేసినవాళ్ళమే. అది సముద్రమట్టం మాట. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ గనుక నీళ్ళు 98 డిగ్రీలకు కాస్త తక్కువలోనే మరిగిపోతాయి. పక్కనున్న హార్స్‌లీ కొండ ఎక్కితే 96 దరిదాపుల్లోనే మరుగుతాయి. అంటే మదనపల్లెలో మరిగే నీళ్ళలో పెట్టిన ధర్మామీటరు సరిగ్గా 100 చూపిస్తే, అది మంచిది కాదు, తప్పుడుది! మంచుగడ్డలను పొడిచేసి కొద్దిగా నీళ్ళు కలిపితే వచ్చే సున్న డిగ్రీకి మాత్రం ఈ ఎత్తుల తేడా లెక్కలోకి రాదు. గదిలో తగిలించే ధర్మామీటరును పరీక్షించడానికి ఆ మంచునీళ్ళే సులువైన సాక్షి. (జ్వరం చూసే గొట్టాన్ని మాత్రం మరిగే నీళ్ళలో పెట్టకండి. అది 42 డిగ్రీల దాకా చూడడానికే పుట్టింది, పగిలి ఊరుకుంటుంది.)

గట్టు నుంచి దిగువకు

గాజుగొట్టానికి మంచునీళ్ళు ఉన్నాయి, మరిగే నీళ్ళు ఉన్నాయి. ప్రాసెసరును ఎందులో ముంచుతాం? ఇక్కడే ఉంది చిక్కు.

ముందు ఆ గోరంత ధర్మామీటరు పని చేసే తీరు చూద్దాం. సిలికాన్ జంక్షన్ గుండా నిలకడగా కొద్దిపాటి కరెంటు పంపితే, దాని కొసల మధ్య వోల్టేజి వేడిని బట్టి మారుతుంది. ఒక్కొక్క డిగ్రీ వేడెక్కే కొద్దీ సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిచి అంకెగా మారుస్తారు. పాదరసం లేదు, గాజు లేదు. కొలవబడేదీ సిలికానే, కొలిచేదీ సిలికానే.

అయితే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలోని ధర్మామీటరు మనలా సున్న నుంచి పైకి లెక్కపెట్టదు. తాను తట్టుకోగల గరిష్ఠ వేడి ఒకటి పెట్టుకుని, అక్కణ్ణించి ఎంత దిగువన ఉన్నానో చెబుతుంది. మన దిగుడుబావి పోలిక తీసుకోండి. ‘నీళ్ళు గట్టుకు ముప్ఫయి మూరల దిగువన ఉన్నాయి’ అన్నంత మాత్రాన బావిలో ఎన్ని మూరల నీళ్ళున్నాయో తెలియదు. గట్టు ఎత్తు తెలియాలి. ప్రాసెసరు ‘30 దిగువన ఉన్నాను’ అంటుంది. గట్టు 100 అనుకున్న ప్రోగ్రాము 70 అని చూపుతుంది. గట్టు 85 అనుకున్న ప్రోగ్రాము 55 అంటుంది. ప్రాసెసరు ఒక్కటే, వేడి ఒక్కటే. అంకెలు మాత్రం రెండు!

ఇది ఊహ కాదు. ఒకప్పుడు ఇంటెల్‌వారు డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గట్టు ఎత్తు బయటపెట్టలేదు. ప్రోగ్రాములు రాసేవారు తలా ఒక ఊహ చేసి అంకెలు చూపుతూ వచ్చారు. చివరికి 2008లో ఆ కంపెనీయే కొన్ని ప్రాసెసర్లకు ఆ విలువలు ప్రకటించవలసి వచ్చింది. దాంతోబాటు తేలిన సంగతి మరొకటి: ఆ ధర్మామీటర్లను పెట్టింది ప్రమాదాన్ని పసిగట్టడానికి. గట్టు దగ్గర అవి బాగానే చెబుతాయి. దిగువన, అంటే యంత్రం చల్లగా ఉన్నప్పుడు, వాటి మాట అంత గురి కాదు. కొన్నయితే ఒక అంకె దగ్గర అతుక్కుపోయి, వేడి ఇంకా తగ్గినా అదే చెబుతూ కూర్చున్నాయి.

చరిత్రలో దీనికొక సరదా జోడు ఉంది. 1742లో స్వీడన్ దేశపు సెల్సియస్ మహాశయుడు తన కొలమానం ప్రతిపాదించినప్పుడు, మరిగే నీళ్ళకు సున్న, గడ్డకట్టే నీళ్ళకు 100 పెట్టాడు. ఆయనా పై నుంచి కిందికే లెక్కించాడన్నమాట! ఆయన తరవాతివారు దాన్ని తలకిందులు చేశారు. ఇన్నేళ్ళకు ప్రాసెసరు మళ్ళీ ఆయన దారి పట్టింది.

ఏ.ఎం.డి. కంపెనీవారి కథ ఇంకో రకం. 2017లో వచ్చిన వారి రైజన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఉన్న వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. కొన్నవాళ్ళు బెంబేలెత్తారు. ఫ్యాన్ల నడక అన్ని రకాల్లోనూ ఒక తీరుగా ఉండాలని తామే ఆ 20 కలిపామని కంపెనీ వివరించింది. బస్సు తప్పిపోకుండా గోడగడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకునే ఇళ్ళు లేవూ? ఇదీ అంతే. ఇంటివాళ్ళకు ఆ గుట్టు తెలుసు. చుట్టపు చూపుగా వచ్చినవాడే హడావుడిగా చెప్పులు తొడుక్కుంటాడు.

కదలని అంకె

పుంగనూరు పొట్టి ఆవులను గురించి విననివారుండరు. ఆ పరిసరాల్లో మల్బరీ తోటలూ, పట్టుపురుగుల షెడ్లూ కూడా ఉన్నాయి. మా పెదనాన్నగారి అబ్బాయి అలాంటి షెడ్డు ఒకటి నడుపుతున్నాడు. పట్టుపురుగు మహా సుకుమారి. పిల్ల పురుగుకు 26 నుంచి 28 డిగ్రీలు కావాలి. ఎదిగిన పురుగుకు 24, 25 చాలు. గాలిలో తేమ కూడా కుదరాలి. అందుకని షెడ్డు గోడకు జంట ధర్మామీటర్లు తగిలిస్తారు. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. తడి ఆరే కొద్దీ అది చల్లబడుతుంది. పొడిదానికీ దానికీ ఉన్న తేడాను బట్టి గాలిలో తేమ లెక్క కడతారు. మా అన్న పెద్దగా చదువుకున్నవాడు కాదు. కాని ప్రతి పంటకూ ముందు ఆ తడిగుడ్డ తీసేసి, రెండు గొట్టాలనూ పొడిగా ఒక పూట ఉంచుతాడు. రెండూ ఒకటే చూపాలి. చూపకపోతే ఆ జంటను తీసి అవతల పెడతాడు.

కిందటి వేసవిలో ఆయన కూతురి కంప్యూటరు మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలుపెట్టింది. ఇంజనీరింగు చదివే పిల్ల. రిపేరు షాపుకు తీసుకుపోతే అక్కడివారు ఒక ప్రోగ్రాము తెరిచి, 127 డిగ్రీలు అని ఎర్రటి అంకె చూపించారట. మదర్‌బోర్డూ ప్రాసెసరూ రెండూ మార్చాలి, ముప్ఫయి వేలు అవుతుందన్నారట. పట్టుగూళ్ళ ధర దిగిపోయి ఉన్న రోజులు. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, “ఈ ఏడు ఇంక వద్దులే చిన్నాయనా, కాలేజీ ల్యాబులోనే చేసుకుంటా” అన్నది.

మా అన్న ఆ తెర వంక చాలాసేపు చూసి ఒకే ప్రశ్న వేశాడు. “పొద్దున ఎంత ఉండె?”

“127.”

“రాత్రి?”

“127.”

“ఇప్పుడు ఫ్యాను పెట్టినాం గదా, ఎంత?”

“127.”

“మా షెడ్డులో గొట్టం ఇట్లా చూపిస్తే దాన్ని ఎప్పుడో పారేసుందును. కదలనిది ధర్మామీటరు ఎట్లయితుంది?” అన్నాడు.

అక్షరాలా నిజం. మదర్‌బోర్డు మీద వేడి కొలిచే చిప్పుకు కొన్ని అదనపు ద్వారాలుంటాయి. తయారీదారు వాటిలో కొన్నింటికి ఏమీ తగిలించకుండా ఖాళీగా వదిలేస్తాడు. ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియక ఖాళీ ద్వారాన్ని కూడా చదివి, ఏదో ఒక అంకె చూపిస్తుంది. కూడిక, తీసివేత గుర్తుతో సహా ఎనిమిది గడులలో కంప్యూటరు రాయగల అతిపెద్ద అంకె 127. ఖాళీ ద్వారం దగ్గర తరచు కనిపించేది అదే. అది వేడి కాదు. ఎవరూ లేని ఇంటి తలుపు కొట్టి తెచ్చిన జవాబు!

అదే తెర మీద కిందుగా ప్రాసెసరు అసలు అంకెలు వేరే ఉన్నాయి. వాటిని ఆ పిల్ల రెండు రోజులు నోటుపుస్తకంలో రాసింది. గది 27 ఉన్నప్పుడు పని లేకుండా 58. పని పెట్టగానే నిమిషంలో 98కి ఎగబాకి, వేగం తగ్గి, కాసేపటికి ఆరిపోవడం. ఈ అంకెలు కదులుతున్నాయి. పనిని బట్టి కదులుతున్నాయి. 100 దగ్గరకు పోగానే యంత్రం తనను తాను కాపాడుకుంటున్నది. ఇవి నమ్మదగినవి. మూత విప్పి చూస్తే, వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మె రేకుల మధ్య దుమ్ము కంబళిలాగా పేరుకుని ఉంది. దిమ్మెకూ ప్రాసెసరుకూ మధ్య పూసే పేస్టు ఎండి పెళ్ళలు కట్టింది. బ్రష్షుకూ, పేస్టు గొట్టానికీ అయిన ఖర్చు నాలుగు వందల లోపు. అటుపిమ్మట అదే గదిలో 41. పని మీద 74. చదువు సాగింది. 127 మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. దాని జోలికి ఎవరూ పోవడం లేదు.

ఇరవై మంది సాక్షులు

కుప్పానికీ కంప్యూటరుకూ పాత చుట్టరికమే. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ అనే కార్యక్రమం మొదలుపెట్టి, ప్రజల కోసం సమాచార కేంద్రాలు తెరిచారు. అంతకు ముందే, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది. నాబోటి తెలుగు మేష్టర్లు సభలకనీ, సదస్సులకనీ ఆ ఊరు పోతూనే ఉంటాం. అలా పోయినప్పుడు ఆ ఊళ్ళోని ఒక ల్యాబులో పనిచేసే కుర్రవాడు చూపిన పరీక్ష నాకు భలే నచ్చింది.

గదిలో ఇరవై పాత కంప్యూటర్లు. అన్నీ ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే ఏడు కొన్నవి. రాత్రంతా ఆపి ఉంచితే తెల్లవారేసరికి ఇరవై ప్రాసెసర్లూ గది వేడికే దిగుతాయి. గది 26 అనుకోండి, అన్నీ 26. పొద్దున అన్నింటినీ ఒకేసారి పెట్టి, ఐదు నిమిషాలాగి అంకెలు చూస్తే పందొమ్మిది 31కీ 35కీ మధ్య ఉన్నాయి. ఒక్కటి మాత్రం 18 అంటున్నది!

ఆ ఒక్కదాన్ని చూసి అందరూ మురిసిపోయేవారట. ‘చల్లని తల్లి’ అని పేరు పెట్టి, తాళపత్రాల ఫొటోలను సరిచేసే బరువు పనులన్నీ దానికే అప్పగించారట. కుర్రవాడు నవ్వి, “సార్, 26 ఉన్న గదిలో 18 ఎట్లా వస్తుంది? ఫ్యాను గాలి గది గాలే గదా? గది కంటే చల్లగా ఎందుకయితుంది?” అన్నాడు. నాకు వెంటనే పుంగనూరు షెడ్డు గుర్తుకు వచ్చింది. అక్కడ తడిగుడ్డ ఉంది గనుక ఒక గొట్టం గది కంటే చల్లగా ఉంది. ఇక్కడ తడిగుడ్డ లేదు. ఫ్యాను ఎంత విసిరినా ప్రాసెసరును గది వేడి దాకా దించగలదే గాని, అంతకంటే దించలేదు.

చూడగా తేలినదేమంటే, ఆ ఒక్క కంప్యూటరులో పాత ప్రోగ్రాము ఉంది. అది గట్టు 85 అనుకుంటున్నది. తక్కినవాటిలో కొత్తది ఉంది. అది 100 అని లెక్క వేస్తున్నది. పని పెట్టి చూసినా అదే 15 డిగ్రీల తేడా. కొత్త ప్రోగ్రాము వేయగానే 18 కాస్తా 33 అయింది. చల్లని తల్లి నలుగురిలో ఒకతె అయిపోయింది.

ఎక్కువ చూపే ధర్మామీటరు మన డబ్బు పోగొడుతుంది. తక్కువ చూపే ధర్మామీటరు మన జాగ్రత్తను పోగొడుతుంది. రెండోదే ఎక్కువ కీడు. ఒక్క ఊరట ఏమంటే, ప్రాసెసరు తన్ను తాను కాపాడుకునేటప్పుడు మనం వేసుకున్న ప్రోగ్రాము మాట వినదు. తన లోపలి కొలతనే చూసుకుంటుంది. ప్రోగ్రాము పొరబడితే మనం పొరబడతాం గాని, అది పొరబడదు.

ఇంట్లో చేయదగినవి

ఈ మూడు ఊళ్ళ పాఠాలనూ కలిపితే మనమంతా చేయగలిగిన పరీక్షలు కొన్ని తేలుతున్నాయి. దేనికీ మూత విప్పనక్కరలేదు.

కంప్యూటరును రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున పెట్టగానే అంకె చూడండి. పక్కన గది ధర్మామీటరు ఉండాలి. మామూలు ఫ్యానుతో నడిచే యంత్రం గది కంటే తక్కువ చూపితే, ఆ అంకె నిజం కాదు. కొద్దిగా ఎక్కువ చూపడం సహజం.

తరవాత ఏదైనా బరువు పని పెట్టండి. ప్రాసెసరు లోపలి అంకె క్షణాల మీద ఎగరాలి; పని ఆపగానే గబుక్కున దిగాలి. నెమ్మదిగా నిమిషాల తరబడి పెరిగేది బోర్డుదో, పెట్టెలోని గాలిదో అయి ఉంటుంది. అసలే కదలనిది దేనిదీ కాదు.

మా ప్రాంతంలో వేసవి పొద్దున గది 26 ఉంటే, మధ్యాహ్నం 34 కావచ్చు. ఫ్యాను వేగం మారకుండా చూసి, రెండు వేళలా అదే పని పెట్టి చూడండి. గది 8 డిగ్రీలు పెరిగితే ప్రాసెసరు కూడా ఇంచుమించు 8 పెరగాలి. అలా పెరిగితే గట్టు లెక్కలో తేడా ఉన్నా ఉండవచ్చు గాని, మెట్లు మాత్రం సరిగా ఉన్నాయన్నమాట.

రెండు ప్రోగ్రాములు ఒకే అంకె చూపాయని సంబరపడకండి. రెండూ చదివేది ఆ ఒక్క ధర్మామీటరునే. ఒకే మనిషి నోట విన్న ఇద్దరు, ఇద్దరు సాక్షులు కారు గదా! అలాగే లోపలి కోర్ల మధ్య ఐదారు డిగ్రీల తేడా కనిపిస్తే కంగారు పడవలసింది లేదు.

2020లో కరోనా రోజుల్లో గుమ్మాల దగ్గర నుదుటికి గురిపెట్టిన తుపాకి ధర్మామీటర్లు గుర్తున్నాయా? వాటితో ప్రాసెసరు దిమ్మెను చూద్దామని కొందరికి సరదా. నిగనిగలాడే లోహం తన వేడిని సరిగా వెలిబుచ్చదు. చుట్టూ ఉన్న వస్తువుల వేడిని అద్దంలా తిప్పి కొడుతుంది. దాని మీద నల్ల టేపు ముక్క అంటించి చూస్తే కొంత నయం. అప్పటికీ తెలిసేది దిమ్మె వేడే గాని లోపలి సిలికాన్ వేడి కాదు. ఇక ఫ్యానును చేత్తో ఆపి చూడడంలాంటి సాహసాలు ఎవరూ చేయవద్దు.

వీటన్నింటికంటే తేలికైనది, శానిటోరియం పద్ధతి. కంప్యూటరు కొన్న మొదటి వారంలోనే గది ఎంత, పని లేనప్పుడు ఎంత, పని మీద ఎంత అని మూడు అంకెలు పాలపద్దు పుస్తకంలో ఒక మూల రాసి పెట్టండి. ఆరు నెలలకొకసారి అదే వేళకు మళ్ళీ రాయండి. ధర్మామీటరు నాలుగు డిగ్రీలు అటూ ఇటూ చెప్పినా ఫరవాలేదు. రోజూ ఒకే తీరుగా చెబితే చాలు. గదికీ యంత్రానికీ మధ్య తేడా ఏడాదికేడాది పెరుగుతున్నదంటే, దుమ్ము దులపవలసిన వేళ అయిందని అర్థం. రిపేరు షాపుకు పోవలసి వచ్చినా, ఆ పుస్తకం చంకన పెట్టుకు పొండి. అంకె చూపించి భయపెట్టబోయేవారికి, మన దగ్గర కూడా అంకెలున్నాయని తెలిస్తే బిల్లు దానంతట అదే చల్లబడుతుంది!